బద్ధకమా, జబ్బా? - థైరాయిడ్, పిట్యూటరీ గ్రంథుల సంగతి

తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి, పాలు పితికి, పిల్లలకు క్యారియర్లు కట్టి, ఆపైన పొలానికి కూడా వెళ్ళొచ్చే కోడలు రెండేళ్ళుగా లేవలేకపోతోంది. లేచినా కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతోంది. ఒళ్ళు బరువెక్కింది, ముఖం ఉబ్బింది, మాట మందగించింది. అత్తగారు "పనిదొంగ" అంటుంది. భర్త "తిని కూర్చుంటే లావెక్కక ఏమవుతుంది?" అంటాడు. "గాలి సోకిందేమో, ఎవరికైనా చూపించండి" అని ఇరుగుపొరుగువారి సలహా. ఇలాంటి ఇల్లు మన ఊళ్ళలో ఏదో ఒక వీధిలో ఉంటుంది. అన్నిటికంటే బాధాకరమైన విషయం ఏమిటంటే, కొన్నాళ్ళకు ఆ కోడలు కూడా అదే నమ్ముతుంది. తాను సోమరినయ్యానని తనను తానే నిందించుకుంటుంది.

లోపం ఆమె గుణంలో లేదు, మెడలో ఉంది. ఆ సంగతి ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది. మందు కూడా ఖరీదైనది కాదు. అయినా ఎన్నో కుటుంబాలలో ఆ పరీక్ష జరగడానికి ఏళ్ళు పడుతోంది. ఎందుకంటే ఈ గ్రంథుల జబ్బులు జబ్బుల్లా కనబడవు. బద్ధకంలా, కోపంలా, మతిమరుపులా, గొడ్రాలితనంలా కనబడతాయి.

పిలిచే గ్రంథి, పలికే గ్రంథి

నోట్లో ఊరే లాలాజలం ఒక సన్నని నాళం గుండా నోట్లోకి వస్తుంది. కాని కొన్ని గ్రంథులకు అలాంటి నాళాలు లేవు. అవి తమ రసాలను నేరుగా రక్తంలోనే కలుపుతాయి. అందుకే బడి పుస్తకాలలో వాటిని వినాళ గ్రంథులు అన్నారు. ఆ రసాలే హార్మోన్లు. రక్తం వెళ్ళే ప్రతి చోటికీ అవి వెళతాయి గనుక, ఒక్క చిన్న గ్రంథి చెడితే తల వెంట్రుకల నుండి కాలి గోళ్ళ వరకు తేడా తెలుస్తుంది.

థైరాయిడ్‌ను తెలుగులో అవటు గ్రంథి అంటారు. గొంతుముడికి కాస్త కింద, శ్వాసనాళానికి రెండు ప్రక్కలా రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 15 నుండి 20 గ్రాములు. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను పట్టుకుని అది థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. శరీరంలోని ప్రతి కణం ఎంత వేగంగా పనిచేయాలో నిర్ణయించేది ఈ హార్మోనే. పొయ్యిలో మంట ఎక్కువ తక్కువలు చూసుకునే చెయ్యి వంటిది అనుకోండి.

పిట్యూటరీ, అంటే పీయూష గ్రంథి, ఇంకా చిన్నది. బఠాణీ గింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. మెదడు అడుగున, ముక్కు మొదలుకు వెనుకగా, ఎముకలోని చిన్న గుంటలో భద్రంగా కూర్చుని ఉంటుంది. థైరాయిడ్‌కు, మూత్రపిండాలపైనుండే అడ్రినల్ గ్రంథులకు, అండాశయాలకు, వృషణాలకు ఆజ్ఞలు వెళ్ళేది ఇక్కడి నుండే. పిల్లలు ఎత్తు పెరగడానికి, తల్లికి పాలు పడడానికి కావలసిన హార్మోన్లు కూడా ఇక్కడే పుడతాయి.

ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని పొలంలో మేస్త్రి, కూలీల సంబంధంతో పోల్చవచ్చు. కూలీ బాగా పనిచేస్తుంటే మేస్త్రి నెమ్మదిగా మాట్లాడతాడు. పని మందగిస్తే గొంతు పెంచుతాడు. ఎంతకీ కదలకపోతే కేకలు పెడతాడు. పిట్యూటరీ థైరాయిడ్‌ను పిలిచే ఆ పిలుపు పేరే టి.ఎస్.హెచ్. పెద్దవారిలో అది సుమారు 0.4 నుండి 4 వరకు ఉండాలి. థైరాయిడ్ నీరసించిన మనిషిలో అది 20, 50, ఒక్కోసారి 100 దాటిపోతుంది. "థైరాయిడ్ ఎక్కువగా ఉందట" అని ఆ రిపోర్టు చేతపట్టుకుని చాలామంది పొరబడతారు. ఎక్కువైంది మేస్త్రి కేక. థైరాయిడ్ పని తక్కువైంది కాబట్టే ఆ కేక పెరిగింది.

మంట తగ్గిన పొయ్యి

థైరాక్సిన్ చాలకపోతే శరీరంలో అన్ని పనులూ నెమ్మదిస్తాయి. అందరికీ ఉక్కపోస్తుంటే ఈమె దుప్పటి కప్పుకుంటుంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. పేగులు నెమ్మదించి మలబద్ధకం వస్తుంది. చర్మం ఎండిపోయి పొట్టు రేగుతుంది, జుట్టు దువ్వెనకు ఊడివస్తుంది, గొంతు బొంగురుపోతుంది. చర్మం కింద నీటిని పట్టి ఉంచే ఒక పదార్థం చేరడం వల్ల ముఖం, కనురెప్పలు ఉబ్బుతాయి. రక్తంలో కొలెస్టరాల్ పెరుగుతుంది. నెలసరి ఎక్కువగా, ఎక్కువ రోజులు అవుతుంది, దానితో రక్తహీనత. గర్భం నిలవదు. మెదడు కూడా మందగిస్తుంది గనుక మాట తడుముకుంటుంది, దేనిమీదా ఆసక్తి ఉండదు, ఊరికే ఏడుపు వస్తుంది. బరువు మాత్రం చాలామంది అనుకునేంత పెరగదు, కొద్ది కిలోలే. ముప్పై కిలోలు పెరిగినవారు నేరమంతా థైరాయిడ్ మీద వేయడం న్యాయం కాదు.

ఈ జబ్బు మగవారికంటే స్త్రీలలో ఎన్నో రెట్లు ఎక్కువ. మన ప్రాంతంలో ఇప్పుడు దీనికి తరచుగా కనబడే కారణం ఉప్పులో లోటు కాదు. శత్రువులను ఎదిరించవలసిన మన రోగనిరోధక శక్తే పొరపాటున సొంత గ్రంథి మీద దాడి చేయడం. దీనిని 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వర్ణించాడు గనుక ఆయన పేరే నిలిచిపోయింది.

ఈ గ్రంథి ఎంత విలువైనదో వైద్యులకు తెలిసిన తీరు కూడా చెప్పుకోదగినదే. స్విట్జర్లాండ్‌లో కొండప్రాంతపు ప్రజలకు మెడలో పెద్ద వాపులు ఉండేవి. థియోడర్ కోకర్ అనే శస్త్రవైద్యుడు గ్రంథిని మొత్తంగా తీసివేయడంలో ఆరితేరాడు. 1874లో ఆపరేషన్ చేసిన 11 ఏళ్ళ బాలిక ఒకతె ఆ తరువాత ఎదగడం మానేసిందని, మందబుద్ధి అయ్యిందని ఆయనకు కబురు వచ్చింది. ఆమె చెల్లెలు ఎత్తులో ఆమెను దాటిపోయింది. కోకర్ తన పాత రోగులను తిరిగి పిలిపించి చూశాడు. గ్రంథి మొత్తం పోయినవారిలో చాలామంది అలాగే మందగించి ఉన్నారు. 1883లో ఆయన దానిని దాచకుండా తోటి వైద్యుల ముందు చెప్పాడు. 1909లో నోబెల్ బహుమతి వచ్చిన గొప్ప డాక్టరుగా ఆయనను పొగుడుతారు. నాకైతే ఆ బహుమతికంటే 1883లో ఆయన చూపిన నిజాయితీయే పెద్దదనిపిస్తుంది.

తరువాత 1891లో ఇంగ్లాండులోని న్యూకాసిల్‌లో జార్జి ముర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి నుండి తీసిన సారాన్ని 46 ఏళ్ళ స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. చావుకు దగ్గరైన ఆమె లేచి తిరిగింది. మరో 28 ఏళ్ళు బ్రతికింది. 1914 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్పటికాలుగా వేరుచేశాడు. ఈ రోజు మందుల షాపులో దొరికే చిన్న తెల్ల మాత్ర ఆ వరుసలోనిదే.

మాత్ర వేసుకునే పద్ధతి

ఉదయం లేవగానే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. అరగంట, వీలైతే గంట తరువాతనే కాఫీ, టీ, టిఫిను. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు దీనిని శరీరానికి అందనివ్వవు కాబట్టి వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణీ స్త్రీలకు ఈ రెండు మాత్రలూ ఇస్తారు గనుక వారు దీనిని మరీ జాగ్రత్తగా గమనించాలి. మోతాదు మార్చిన తరువాత ఆరు నుండి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించాలి. అంతకంటే ముందు చేస్తే సరైన లెక్క తెలియదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ తినకూడదని కొందరు భయపెడతారు. వండిన కూరగా మామూలుగా తింటే వచ్చే నష్టమేమీ లేదు.

ఇక్కడ మన సంఘాలలో జరిగే ఒక విషయం చెప్పక తప్పదు. కొందరు సహోదరీలు ప్రార్థన చేయించుకుని, ఒళ్ళు తేలికైనట్లుండగానే మాత్రలు మానేస్తారు. వారం గడుస్తుంది, రెండు వారాలు గడుస్తాయి, ఏమీ కాదు. స్వస్థత కలిగిందని సాక్ష్యం కూడా చెబుతారు. థైరాక్సిన్ నెమ్మదిగా కరిగిపోయే హార్మోను. మాత్ర మానిన వారం రోజులకు కూడా సగం ఒంట్లో మిగిలే ఉంటుంది. మరో వారానికి అందులో సగం. అందుచేత నెలా రెండు నెలల తరువాతగాని పాత జబ్బు తిరిగి కనబడదు. అప్పుడు ఆమె మాత్ర సంగతి ఆలోచించదు. తన విశ్వాసమే చాలలేదని కుమిలిపోతుంది. ఒక జబ్బుకు తోడు ఒక నింద. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేసుకోండి. బాగయ్యిందనిపిస్తే రక్తపరీక్ష చేయించి డాక్టరుగారినే అడగండి. కాన్పు తరువాత వచ్చే థైరాయిడ్ వాపు వంటివి నిజంగానే కొంతకాలానికి తగ్గిపోతాయి, అప్పుడు ఆయనే మాన్పిస్తారు.

కడుపులోని బిడ్డ, పొత్తిళ్ళలోని బిడ్డ

గర్భం దాల్చిన మొదటి మూడు నెలలు బిడ్డకు తన సొంత థైరాయిడ్ పనిచేయదు. ఆ లేత మెదడు పెరగడానికి తల్లి రక్తంలోని థైరాక్సినే ఆధారం. అందుకే మాత్ర వేసుకుంటున్న స్త్రీ నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ రోజుల్లో మోతాదు సాధారణంగా పెంచవలసి ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు మందులు మంచివి కావని పెద్దలు ఈ మాత్రను మాన్పించడం బిడ్డకు తెలియక చేసే కీడు.

కొందరు బిడ్డలు థైరాయిడ్ గ్రంథి లేకుండానో, సరిగా ఏర్పడకుండానో పుడతారు. మన దేశంలో సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఇలా జరుగుతుంది. పుట్టినరోజున చూస్తే చక్కగానే ఉంటారు. తరువాత మెల్లమెల్లగా కామెర్లు తగ్గకపోవడం, పాలు తాగడానికి లేవకపోవడం, బొడ్డు ఉబ్బడం, నాలుక లావుగా ఉండడం, బొంగురు ఏడుపు, మలబద్ధకం కనబడతాయి. "మా వాడు ఎంత బుద్ధిమంతుడో, అసలు ఏడవడు" అని మురిసిపోయే తల్లులు కూడా ఉన్నారు. ఈ గుర్తులన్నీ కనబడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పుట్టిన రెండు వారాలలోపు మందు మొదలుపెడితే బిడ్డ అందరిలాగే చదువుకుంటాడు. నెలల తరబడి ఆలస్యమైతే పోయిన తెలివిని ఏ మందూ తిరిగి తేలేదు. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుండి తీసిన కొద్ది రక్తపు చుక్కలతో ఈ పరీక్ష జరుగుతుంది. అన్ని ఆసుపత్రులలో అడగకుండా చేయరు. ఇంటికి తీసుకువెళ్ళే ముందే, "బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా?" అని నోరు తెరిచి అడగండి.

ఉప్పు సంగతి

సముద్రపు ఉప్పులో అయోడిన్ దండిగా ఉంటుందని మన కోస్తా జిల్లాలలో గట్టి నమ్మకం. సముద్రపు నీటిలో ఉన్న కాస్త అయోడిన్ ఉప్పు గడ్డకట్టేసరికి దాదాపు మిగలదు. నౌపడ మడుల ఉప్పయినా, మరెక్కడి ఉప్పయినా అయోడిన్‌ను విడిగా కలపవలసిందే. ఆ నౌపడ ఉన్న శ్రీకాకుళం జిల్లాకే చెందిన డాక్టర్ ఉలిమిరి రామలింగస్వామి గారు 1956లో, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో, కొన్ని గ్రామాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు పంపించి కొన్ని ఏళ్ళపాటు గమనించారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట మెడవాపులు బాగా తగ్గాయి, తిననిచోట అలాగే ఉన్నాయి. 1962లో దేశమంతటా మొదలైన గాయిటర్ నివారణ కార్యక్రమానికి ఆ పని పునాది అయింది. 2006 నుండి తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మడం చట్టప్రకారం నిషిద్ధం. కొన్న ఉప్పును మూతలేని జాడీలో, పొయ్యి పక్కన, తడి తగిలేచోట పెడితే అయోడిన్ తగ్గిపోతుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసుకోవాలి.

మంట ఎక్కువైతే

థైరాయిడ్ అతిగా పనిచేస్తే అంతా తారుమారు. ఆకలి బాగా వేస్తుంది, ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, పలుచని విరేచనాలు, నిద్రలేమి, చీటికీమాటికీ కోపం. కొందరికి కనుగుడ్లు బయటికి పొడుచుకు వస్తాయి. దీనికి మాత్రలు, రేడియో అయోడిన్, ఆపరేషన్ అని మూడు మార్గాలున్నాయి. గర్భిణీలకు, పాలిచ్చే తల్లులకు రేడియో అయోడిన్ ఇవ్వరు. కార్బిమజోల్ మాత్ర వాడుతున్నవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే జలుబేలే అనుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించి తెల్లకణాల లెక్క చేయించాలి. ఈ మందు అరుదుగా ఆ కణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది.

మేస్త్రియే పడిపోతే

ఇప్పుడు పిట్యూటరీ దగ్గరకు వద్దాం. దీని జబ్బులు థైరాయిడ్ జబ్బులంత తరచుగా రావు. కాని పల్లెటూళ్ళలోని ఒక రకం బాధను గూర్చి ప్రతి కుటుంబం తెలుసుకోవాలి.

గర్భిణీ స్త్రీలో పిట్యూటరీ గ్రంథి చాలా పెరుగుతుంది, దాదాపు రెండింతలవుతుంది. కాన్పు సమయంలో విపరీతంగా రక్తం పోయి, రక్తపోటు పడిపోతే, ఆ పెరిగిన గ్రంథికి రక్తం అందక కొంత భాగమో, అంతా కూడానో చచ్చిపోతుంది. బ్రిటన్‌కు చెందిన హెరాల్డ్ షీహాన్ 1937లో దీనిని వివరించాడు. తల్లి బ్రతికి బయటపడుతుంది. రక్తం ఎక్కిస్తారు, ఇంటికి పంపిస్తారు, కుటుంబమంతా గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటుంది. కాని ఆమెకు పాలు పడవు. పథ్యం సరిగా చేయలేదంటారు. నెలసరి తిరిగి రాదు. బిడ్డ పాలు మానేవరకు రాదులే అంటారు, పాలే పడని తల్లి విషయంలో కూడా. చంకలోని వెంట్రుకలు రాలి మళ్ళీ మొలవవు. ముఖం పాలిపోతుంది. చలి, నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. ఏదో చిన్న జ్వరం వచ్చినప్పుడు ఉన్నట్టుండి స్పృహ తప్పుతుంది. ఒంట్లో సోడియం, చక్కెర పడిపోయి పొంతన లేకుండా మాట్లాడుతుంది. అప్పుడు మళ్ళీ దయ్యం మాటే వస్తుంది. ఇలా పదేళ్ళు, పదిహేనేళ్ళు గడిపినవారున్నారు.

చివరికెవరో "థైరాయిడేమో" అని పరీక్ష రాస్తారు. టి.ఎస్.హెచ్. ఒక్కటే చేయిస్తే అది మామూలుగానే ఉండవచ్చు. ఎందుకంటే కేక వేయవలసిన మేస్త్రియే పడిపోయాడు. కూలీ నిద్రపోతున్నాడు, కేక మాత్రం వినబడదు, కాగితం మీద అంతా ప్రశాంతంగా ఉంటుంది. అందుచేత కాన్పులో బాగా రక్తం పోయి, పాలు పడక, ముట్టు తిరిగి రాని స్త్రీ ఎవరైనా ఉంటే ఆ మూడు మాటలూ డాక్టరుకు వరుసగా చెప్పాలి, అది ఇరవై ఏళ్ళనాటి కాన్పయినా సరే. అప్పుడు ఆయన టి-4తో పాటు, ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష కూడా చేయిస్తారు.

వైద్యంలో కూడా ఒక వరుస ఉంది. అడ్రినల్ గ్రంథికి సంబంధించిన హైడ్రోకార్టిసోన్ వంటి మాత్ర ముందు, థైరాక్సిన్ తరువాత. ఆ వరుస తప్పితే ప్రాణం మీదికి రావచ్చు. షాపులో అడిగి థైరాయిడ్ మాత్రలు తెచ్చి వేసుకోవడం ఎందుకు మంచిది కాదో దీనివల్ల గ్రహించగలరు. సరైన మందు పడిన తరువాత ఈ స్త్రీలు కోలుకోవడం చూస్తే కన్నులు చెమరుస్తాయి. ఏళ్ళ తరువాత మొదటిసారి ఒకామె తానే లేచి పొయ్యి ముట్టిస్తుంది.

పిట్యూటరీలో గడ్డలు కూడా వస్తాయి. ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కాని వాటికి పైన చూపునరాలు కలుసుకునే చోటు ఉంది. గడ్డ అక్కడ ఒత్తితే ఎదుటి చూపు బాగానే ఉండి ప్రక్కచూపు పోతుంది. తలుపు రెక్కలకు భుజం తగులుతుంటుంది, ప్రక్క నుండి వచ్చే సైకిలు కనబడదు. కళ్ళజోళ్ళు మార్చి మార్చి విసిగిపోతారు. ఇప్పుడు చాలామందికి ముక్కు లోపలి నుండే ఆపరేషన్ చేసి గడ్డ తీస్తున్నారు. ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను ఎక్కువ చేసే గడ్డలైతే తరచు మాత్రలతోనే కుంచించుకుపోతాయి. కాన్పు లేకుండానే పాలు రావడం, ముట్టు ఆగిపోవడం, సంతానం కలగకపోవడం వాటి గుర్తులు. గొడ్రాలని నింద మోసేవారిలో ఇలాంటివారు కూడా ఉంటారు.

ఎదుగుదల హార్మోను ఎక్కువైతే పిల్లలు రాక్షసంగా పెరుగుతారు. అమెరికాకు చెందిన రాబర్ట్ వాడ్లో 272 సెంటీమీటర్ల ఎత్తు పెరిగి, కాలికి కట్టిన ఊతకడ్డీ ఒరిసి ఏర్పడిన పుండు చీము పట్టి, 1940లో 22 ఏళ్ళకే చనిపోయాడు. పెద్దవారిలో ఎత్తు పెరగదు గాని చేతులు, పాదాలు, దవడ లావెక్కుతాయి. పెళ్ళినాటి ఉంగరం పట్టదు, చెప్పుల సైజు మారుతుంది. అదే హార్మోను తక్కువైతే పిల్లవాడు తరగతిలో అందరికంటే పొట్టిగా మిగిలిపోతాడు. ఎముకల చివరలు మూసుకుపోకముందు వస్తేనే మందు పనిచేస్తుంది. ప్రతి పుట్టినరోజుకూ గోడమీద గీత గీసి చూడండి. నాలుగేళ్ళు దాటిన పిల్లవాడు ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లైనా పెరగకపోతే చూపించాలి.

చేజేతులా నిద్రపుచ్చడం

థైరాక్సిన్‌ను వేరుచేసిన కెండాల్‌గారే తరువాత కార్టిసోన్ మీద పనిచేసి 1950లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఉబ్బసానికి, కీళ్ళవాతానికి అది ప్రాణదానం. మన పల్లెల్లో అదే స్టెరాయిడ్ "నొప్పుల సూది", "బలం మాత్ర" పేర్లతో అదుపు లేకుండా వాడుకలోకి వచ్చింది. ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రతో మోకాళ్ళ నొప్పి మరునాటికే మాయం, ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రంగా నిండుతుంది. ఒళ్ళు చేసిందని సంతోషిస్తారు. కొన్ని నెలలకు చర్మం పలుచనై నీలిమచ్చలు, షుగరు, బి.పి., ఎముకలు గుల్లబారడం.

ఒంట్లో స్టెరాయిడ్ దండిగా ఉందని తెలుసుకుని పిట్యూటరీ కూడా పిలవడం మానేస్తుంది. అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. అప్పుడు డబ్బులు లేకనో, ఎవరో భయపెట్టారనో మాత్ర ఒక్కసారిగా ఆపితే వాంతులు, కడుపునొప్పి, రక్తపోటు పడిపోవడం, కొన్నిసార్లు మరణం. వారాల తరబడి వాడినవారు సొంతంగా ఆపవద్దు. ఆసుపత్రిలో చూపించి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. ఏం మాత్రో తెలియకపోతే ఖాళీ అట్టనైనా తీసుకువెళ్ళండి.

డాక్టరు సలహాపై ఈ మందు జీవితాంతం వాడవలసినవారు, షీహాన్ జబ్బు ఉన్న స్త్రీలతో సహా, జ్వరం వచ్చిన రోజుల్లో మోతాదు రెట్టింపు చేసుకోవాలి. ఎలాగో ముందుగానే డాక్టరును అడిగి రాయించుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంట్లో ఉండకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి సూదిమందు వేయించుకోవాలి. మందు పేరు, మోతాదు ఒక చీటీపై రాసి పర్సులోనో, బైబిలు అట్టలోనో పెట్టుకోండి. ఆ చీటీ ఎక్కడుందో ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి.